గాలిమర తాంబాళం

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. ఆయన లెక్కలో వ్యాపారమంటే కిరాణా కొట్టు, కాకపోతే మందుల షాపు. "గాలిమరల్ని నమ్ముకుని షెడ్డు నడుపుతావా? గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంది" అని అత్తాపూర్‌లో మా బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ వెక్కిరించేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. "మీ బ్యాంకు మాత్రం జనం నమ్మకం మీద కాక ఇంక దేని మీద నడుస్తోందండీ" అనేదాన్ని. నోరు నాకు పుట్టింటివాళ్ళు పెట్టిన సారె. కృష్ణా జిల్లా నుంచి తెచ్చుకున్నాను, ఇప్పటికీ అరగలేదు.

మా వెల్డింగు షెడ్డు పాల్మాకుల దగ్గర, బెంగళూరు రోడ్డుకి ఆనుకుని ఉండేది. విమానాశ్రయం కడుతున్నన్నాళ్ళూ రెయిలింగులు, ఇనప మెట్లు, గ్రిల్స్ అంటూ చేతినిండా పని. 2008లో విమానాలు దిగడం మొదలయ్యాక ఆ పని కాస్తా అయిపోయింది. ఆ తర్వాత ఏది దొరికితే అది చేశాం. హోర్డింగుల చట్రాలు చేశాం, ఫంక్షన్ హాళ్ళ గేట్లు చేశాం. షెడ్డు స్థలం యజమాని అప్పుడప్పుడూ వచ్చి, "గోడౌన్ వాళ్ళు అడుగుతున్నరమ్మా, జర ఆలోచించు" అని చెప్పి వెళ్ళేవాడు. ఆలోచించడానికి ఏముంది, ఒళ్ళు మండేది.

అప్పుడు తగిలింది గాలిమరల కంపెనీ. రోడ్డు మీద ట్రైలర్ల మీద పోయే పొడవాటి రెక్కల్ని అందరూ నోరు తెరిచి చూస్తారు. నేను ఆ రెక్కలు ఎక్కే స్తంభం గురించి ఆరా తీశాను. ఆ స్తంభం లోపల బోలుగా ఉంటుంది. లోపల నిచ్చెన ఉంటుంది, మధ్య మధ్య మనుషులు నిలబడి బోల్టులు బిగించుకోవడానికి గుండ్రటి ఇనప అంతస్తులు ఉంటాయి. ఆ అంతస్తులు ఎక్కడో దూరం నుంచి వస్తున్నాయి. అవి ఆలస్యమైతే అనంతపురం కొండల్లో స్తంభాలు, క్రేన్లు, మనుషులు అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి. పెళ్ళికి అందరూ వచ్చి పసుపుకొమ్ము దొరక్క ముహూర్తం ఆగినట్టు. అనంతపురం వెళ్ళే దారిలోనే ఉన్నాను, నేను చేసిస్తానని చెప్పాను. చూద్దామన్నారు.

ఆ వ్యాపారానికి ఒక సీజను ఉంది. గాలిమర పెట్టినవాళ్ళకి పన్నులో రాయితీ దొరికేది. మార్చి ఆఖరులోపు మర తిరగడం మొదలైతేనే ఆ ఏడాదికి లాభం. అందుకని కొనేవాళ్ళంతా దసరా దాటగానే ఒక్కసారిగా మీద పడతారు, ఏప్రిల్ వస్తే పలకరించే నాథుడుండడు. దసరాలోపు నమూనా పాసైతే ఆ సీజను మాది. పాసు కాకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది ఆగే ఓపిక మా షెడ్డుకి లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, పనిచేసే వాళ్ళకీ తెలుసు.

నమూనా చేశాం. ఇంజనీర్లు దాన్ని ప్లాట్‌ఫారం అంటారు. మా షెడ్డులో ఆడవాళ్ళు దాన్ని చూడగానే తాంబాళం అని పేరు పెట్టేశారు. వెల్డింగు మగవాళ్ళు చేసేవాళ్ళు. వెల్డింగయ్యాక అతుకుల మీద పేరుకున్న పొక్కు గీకడం, గ్రైండింగు పట్టడం, రంగు వేయడం, బోల్టులు బిగించడం అంతా పాల్మాకుల ఆడవాళ్ళ పని. వాళ్ళందరిలోకీ పెద్దావిణ్ణి నేను అక్కా అనేదాన్ని. అతుకు నచ్చకపోతే వెల్డర్ని వెనక్కి పిలిచి మళ్ళీ వేయించేది, మొహమాటం అన్నది లేకుండా.

కంపెనీ నుంచి తనిఖీ ఇంజనీరు వచ్చే రోజున బంద్. 2011 అది, బంద్‌లు అలవాటైపోయిన ఏడాది. బతుకమ్మ పండగ రోజులు కూడా. విమానాలు మాత్రం దిగుతున్నాయి కాబట్టి ఆయన దిగాడు, సాయంత్రం విమానానికి తిరుగు టికెట్టు. నేను స్కూటీ మీద వెళ్ళి ఎక్కించుకొచ్చాను. పాపం, విశాఖపట్నం మనిషి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దారంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

షెడ్డు దగ్గర మగవాళ్ళు ఒక్కరూ లేరు. బస్సులు లేవు, వాళ్ళవి దూరపు ఊళ్ళు. ఆడవాళ్ళు మాత్రం నడిచి వచ్చేశారు. సాయంత్రం బతుకమ్మకని దారిలో కోసుకున్న తంగేడు, గునుగు సంచుల్లో ఉన్నాయి. అంతవరకూ బాగానే ఉంది. బరువు పరీక్షకి రావలసిన ఇసుక లారీ రాలేదు. అంతస్తు మీద ఇసుక బస్తాలు పేర్చి, గంటసేపు ఉంచి, కింద ముల్లు గేజీ పెట్టి, ఎంత వంగిందో, బస్తాలు తీశాక మళ్ళీ సున్నాకి వచ్చిందో లేదో చూడాలి. ఇసుక లేకపోతే పరీక్ష లేదు.

"ఇంకోసారి వస్తానండి, దసరా తర్వాత" అన్నాడు ఇంజనీరు, మర్యాదగానే.

దసరా తర్వాత ఎవరికి కావాలి? అక్క ముందుకొచ్చింది. "ఇసుక రాకుంటే ఏమాయె సారూ. మేం లేమా?"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. బరువు బరువే కదా, బస్తాదైతే ఏమిటి, మనిషిదైతే ఏమిటి అని వాదన పెట్టుకున్నాను. "ఎవరి బరువెంతో కాగితం కావాలి కదండీ" అన్నాడు. కాగితమే కదా. పక్కనే లారీలు తూచే ధర్మకాంటా ఉంది. అందర్నీ తీసుకుని అక్కడికి నడిచాను.

కాంటా నడిపేవాడు మంచం మీద పడుకుని ఉన్నాడు. "బంద్ రోజు లారీ ఏడికెల్లి తెచ్చినవమ్మా?" అన్నాడు.

"మేమే లారీ. తూచు" అంది అక్క.

ఇంతమంది ఆడవాళ్ళు లారీ కాంటా మీద చెంగులు బిగించుకుని నిలబడి, ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటూ నవ్వుతుంటే ఇంజనీరు సెల్‌ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. కావలసిన బరువుకి కొంచెం తక్కువ వచ్చింది. నేనూ ఎక్కాను. సరిపోయింది. నా ఒళ్ళు గురించి మా ఆయన అన్న మాటలన్నీ ఆ పూట క్షమించేశాను.

తిరిగొచ్చి, దిమ్మెల మీద ఎత్తుగా నిలబెట్టిన తాంబాళం ఎక్కాం. కింద ముల్లు కదిలింది, ఆయన రాసుకున్నాడు. ఇక గంటసేపు కదలకుండా నిలబడాలి. అంతసేపు కదలకుండా నిలబడే ఆడదాన్ని నేనింతవరకూ చూడలేదు, నాతో సహా.

"గిట్ల ఎంతసేపు బొమ్మల్లెక్క నిలబడాలె?" అని ఒకామె గొణిగింది. "పూలు వాడిపోతున్నయి" అంది ఇంకొకామె. అక్క చెప్పులు విప్పి కిందకి వేసింది. అందరూ విప్పేశారు. కాంటా మీద కూడా వదలని సంచుల్లోంచి పళ్ళెం తీసి, తంగేడు, గునుగు పేర్చి, చిన్న బతుకమ్మని చేసి నడిమధ్యలో పెట్టారు. పాట ఎత్తుకున్నారు. చప్పట్లు, అడుగులు మొదలయ్యాయి.

"మేడమ్, ఆపించండి" అన్నాడు ఇంజనీరు. మొహం తెల్లబోయింది. "కదలని బరువుకి పరీక్షండి ఇది. ఈ ఊపుకి వంగిపోతే నేను ఫెయిలనే రాయాలి."

ఆపమంటే ఆపేవాళ్ళే. ఒక్క అతుకు విడితే షెడ్డు గోడౌనే. భయం వేసింది, ఎందుకు దాచుకోవాలి. కానీ వాళ్ళ మొహాలు చూశాను. కాళ్ళ కింద ఇనుమున్నట్టే లేదు వాళ్ళకి, ఇంటి వాకిట్లో ఆడినట్టు ఆడుతున్నారు.

"స్తంభం లోపల మీ మనుషులు బొమ్మల్లా నిలబడతారా సార్? వంగేదైతే ఇక్కడే వంగనివ్వండి" అన్నాను. నేనూ అడుగు కలిపాను.

నాకు ఆ అడుగులు సరిగ్గా రావు. పక్కామె నవ్వుతూ భుజం పట్టి తిప్పింది. అంతలో టక్కుమని చప్పుడు. ఇంజనీరు కిందకి వంగి చూశాడు. నిచ్చెన వచ్చే చోట మనిషి దిగే కంతకి వేసిన మూత, అడుగడుక్కీ కొట్టుకుంటోంది. "దీనికి రబ్బరు వేయించండి. ఇసుక బస్తాలైతే ఇది తెలిసేది కాదు" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత ఆపమనలేదు.

గంట అయింది. బతుకమ్మని ఎత్తుకుని ఒక్కొక్కరే దిగారు. ఇంజనీరు గేజీ దగ్గర కూర్చుని చూస్తున్నాడు. నేను అంచు మీద నుంచి వంగి చూస్తున్నాను. ముల్లు వెనక్కి వచ్చింది, వచ్చింది, సున్నాకి ఇవతలే ఆగిపోయింది. ఆయన గేజీని వేలితో తట్టాడు. కదల్లేదు. అయిపోయింది మన పని అనుకున్నాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. "మేడమ్, మీరు కూడా దిగాలండి."

దిగాను. ముల్లు సున్నాకి వచ్చింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు అందరూ, ఆ మర్యాదస్థుడితో సహా.

ఆ సీజను మాది. కానీ మరుసటి ఏడే ప్రభుత్వం రాయితీ తీసేసింది. గాలి అలాగే వీస్తోంది, కొనేవాళ్ళు మాత్రం మాయమయ్యారు. కంపెనీ ఫోన్లు ఆగిపోయాయి. నెలలు గడిచాయి. మా ఆయన ఈసారి వెక్కిరించలేదు. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. ఒక రోజు ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టి, విమానాశ్రయం హోటళ్ళలో ఉద్యోగాలిస్తున్నారు, చేరిపొండి, షెడ్డు ఇచ్చేస్తాను అని చెప్పాను. "ఆ రోజు నన్ను నమ్మి ఎక్కారు. ఇప్పుడు మిమ్మల్ని ఉత్త మాటలతో కూర్చోబెట్టలేను" అన్నాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

అక్క గ్రైండరు పక్కన పెట్టింది. "నిన్ను నమ్మి ఎక్కినమా? ఎవరన్నరు? ఆ తాంబాళం మీద మేం గీకని అతుకు ఒక్కటి లేదు. మేం చేసినదాన్ని నమ్మి ఎక్కినం. మమ్మల్ని నమ్మి నువ్వెక్కినవు. ఇప్పుడెందుకు దిగుతనంటున్నవు?"

పక్కన పెట్టిన గ్రైండరు తీసి అక్క చేతికిచ్చాను.

దిగలేదు. సరుకు గోడౌన్లకి ర్యాకులు చేశాం, తోపుడు బండ్లు బాగుచేశాం, ఇద్దరు ముగ్గురు హోటళ్ళకి వెళ్ళి తిరిగొచ్చారు. 2014లో కొత్త రాష్ట్రం వచ్చింది, పన్ను రాయితీ కూడా వెనక్కి వచ్చింది. అదే ఇంజనీరు ఫోన్ చేశాడు. స్తంభాలు పెద్దవయ్యాయట, అంతస్తు కూడా పెద్దది కావాలట, దసరాలోపు నమూనా కావాలట.

ఈసారి ఇసుక లారీ వేళకి వచ్చింది. బస్తాలు పేర్చాం, గంట ఉంచాం, దించాం. ముల్లు బుద్ధిగా సున్నాకి వచ్చింది. ఇంజనీరు పాసని రాసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు.

అక్క చెప్పులు విప్పింది. నేనూ విప్పాను.