గాడిద గుర్తుకి ఓటేసొచ్చిన శామ్యూలు గారు

1961 చివర్లో నేను బందరు జిల్లా పోలీసు ఆఫీసులో ఫారినర్స్ సెక్షన్ గుమాస్తాని. సెక్షన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, ఒక బీరువా, నేను. పై దేశాల వాళ్ళు జిల్లాలో ఉండాలంటే మా దగ్గర పేరు నమోదు చేయించుకుని రెసిడెన్షియల్ పర్మిట్ తీసుకోవాలి. ఫలానా తేదీ దాకా ఇక్కడ ఉండొచ్చని ఇచ్చే అనుమతి అది. వచ్చేవాళ్ళలో మిషన్ ఆసుపత్రుల దొరసానులు కొందరు, కరాచీ నుంచి పెళ్ళిళ్ళకి వచ్చే మా సాయిబుల చుట్టాలు కొందరు. సొంత మేనత్త కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుని "మీది ఏ దేశం?" అని అడిగిన ఉద్యోగం నాది. వాడు నవ్వాడు కానీ నాకు ఆ పూట అన్నం సయించలేదు.

శామ్యూలు గారు ఈ రెండు రకాల్లోనూ చేరరు. దివిసీమలో కోడూరు దగ్గర ఒక పల్లెలో పుట్టారు. కుర్రతనంలో ఒక మిషనరీ కుటుంబానికి వంటవాడిగా ఓడెక్కి, తర్వాత కాలిఫోర్నియా పళ్ళతోటల్లో పనికి కుదిరారు. అక్కడే ఒక మెక్సికో అమ్మాయిని చేసుకున్నారు. ఆవిడ పోయాక, 1959 మార్చిలో, చెల్లెలు మరియమ్మ దగ్గరికి వచ్చేశారు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు. అంచేత పుట్టిన పల్లెలోనే విదేశీయుడై, పర్మిట్ గడువు దగ్గరపడ్డప్పుడల్లా టోపీ పెట్టుకుని నా బల్ల ముందుకి వచ్చేవారు. ఆయన తెలుగు ఓడెక్కిన నాడే ఆగిపోయింది. స్వరాజ్యం వచ్చి ఇన్నేళ్ళయినా గవర్నమెంటుని "దొరతనంవారు" అనేవారు. ఆయన వచ్చిన రోజున నాకు పని సాగేది కాదు, సాగాలనీ ఉండేది కాదు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కదాని ఒకసారి అడిగాను. "అమెరికాలో మీ పార్టీ గుర్తేంటండీ?"

"గాడిదండీ."

నేను పక్కకి తిరిగి నవ్వుకున్నాను.

"నవ్వండి, ఫర్లేదు. మా పల్లెలో విరగబడి నవ్వారు. అవతలి పార్టీది ఏనుగు. అంత ఏనుగుని పెట్టుకుని గాడిదకేశావా మావయ్యా అన్నారు."

"మరి గాడిదకే ఎందుకేశారు?"

"గాడిదవాడు ముందొచ్చి తలుపు కొట్టాడండీ. అంతకన్నా సిద్ధాంతం ఏమీ లేదు." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అక్కడి పౌరసత్వం నాకు రెండుసార్లు ఇచ్చారు సాయిబు గారూ. మొదటిసారి ఇచ్చాక, మనవాళ్ళు తెల్లవాళ్ళ కింద రారని కోర్టువారు అన్నారు. తప్పుదారిన పొందావు, తిరిగిచ్చెయ్యమన్నారు. ఇచ్చేశా. ఇరవై ఏళ్ళ పైన ఏ దేశపోణ్ణీ కాకుండా బతికా. యుద్ధం అయ్యాక చట్టం మారి మళ్ళీ ఇచ్చారు. లాక్కున్న నాడు ఏనుగూ అరవలా, గాడిదా అరవలా. ఓటొచ్చిన ఏడు మాత్రం ఇద్దరూ నా గుమ్మంలోకొచ్చి చెయ్యి కలిపారు. ఓటుంటేనే గుమ్మం కనపడుద్ది వాళ్ళకి."

ఆ డిసెంబరులో పర్మిట్ కోసం వచ్చినప్పుడు మాత్రం ఆయన మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. ఓటర్ల జాబితాలో తన పేరు ఎక్కిందట. జాబితా రాసే ఆయన ఇంటింటికీ తిరుగుతూ వచ్చినప్పుడు, ఇంట్లో ఇంకెవరున్నారంటే మరియమ్మ "మా అన్నయ్య" అంది, ఆయన రాసుకున్నాడు. అన్నయ్య ఏ దేశపు పౌరుడని చెల్లెల్ని ఎవరడుగుతారు?

నేను కలం కింద పెట్టేశాను. "శామ్యూలు గారూ, పౌరుడు కానివాడు ఇక్కడ ఓటెయ్యకూడదు. పై దేశం ఎన్నికల్లో ఓటేస్తే అక్కడి పౌరసత్వమూ పోతుంది. రెంటికీ చెడ్డ రేవడి అవుతారు."

"అది నా పాస్‌పోర్టులోనే అచ్చేశారులెండి," అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. అప్పట్లో అక్కడి చట్టం కఠినం. వలస వెళ్ళి పౌరసత్వం తెచ్చుకున్నవాడు పుట్టిన దేశానికి తిరిగొచ్చి మూడేళ్ళుంటే అది రద్దవుతుంది. ఆయనకి మార్చితో మూడేళ్ళు నిండుతాయి. ఫిబ్రవరిలో మన ఎన్నికలు.

"అయితే వెళ్ళిపోండి, లేదా ఇక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టండి. మీలా ఇక్కడ పుట్టి తిరిగొచ్చినవాళ్ళకి కలెక్టరు గారి దగ్గర దారి ఉంది. కాకపోతే ఆ పాస్‌పోర్టు వదులుకోవాలి. పోలింగు లోపల పని అవుతుందని మాత్రం చెప్పలేను."

"రెండోసారి ఇచ్చినప్పుడు ఆ కాయితం దిండు కింద పెట్టుకుని పడుకున్నానండీ. మా ఆవిడ సమాధి అక్కడుంది," అన్నారు. తర్వాత గొంతు మారింది. "నేను పోయిన నాడు మా నాయన మునసబు గారి వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని నిలబడేవాడు. ఇయ్యాళ ఆ మునసబు గారి కొడుకు మా చెల్లెలి వాకిట్లో దండం పెడతన్నాడు. మా వాళ్ళతో పాటు ఆ వరసలో ఒక్కసారి నిలబడాలండీ." నేనిచ్చిన దరఖాస్తు సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఎన్నికల డ్యూటీ ఎవరికి ఎక్కడ పడుతుందో దేవుడికే ఎరుక. నాకు వాళ్ళ పల్లె బడే పడింది. బస్సు దిగి ఎడ్లబండి మీద చేరాం. ఓటరు చూపుడువేలికి చెరగని సిరా పూయడం నా పని. బూత్‌లో ప్రతి పార్టీ తరపునా ఒక పోలింగ్ ఏజెంటు కూర్చుంటాడు. దొంగ ఓటనుకుంటే అడ్డుపడడం వాళ్ళ హక్కు, దాన్ని ఛాలెంజ్ అంటారు. కాడెద్దుల పార్టీ కుర్రాడూ, కంకి కొడవలి పార్టీ కుర్రాడూ పొద్దుటినుంచీ ఆ హక్కుని తెగ వాడుతున్నారు. పెళ్ళై పక్కూరికి వెళ్ళిన పిల్ల వచ్చినా పేచీయే, గడ్డం గీయించుకుని కొత్త మొహంతో వచ్చినా పేచీయే.

మరియమ్మ వెనకాల శామ్యూలు గారు లోపలికి వచ్చారు. ఇద్దరు ఏజెంట్లూ అడ్డు చెప్పలేదు. ఆయన ఓటు తమదేనని ఎవరికి వారికి నమ్మకం. ప్రిసైడింగ్ ఆఫీసరుకి, అంటే బూత్ మొత్తానికి పెద్దకి, ఆయనెవరో తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పక్కనున్న గుమాస్తా ఆయన పేరు చదివాడు. నా చేతిలో సిరా పుల్ల ఉంది. ఇప్పుడు నేను నోరు విప్పాలి. విప్పితే, సొంత మనుషులందరి ముందూ ఆయన్ని పరాయివాణ్ణి చేసేది నేనే. విప్పకపోతే, ఆయనకి మిగిలిన ఒక్క దేశాన్నీ ఊడబీకేది నా చెయ్యే. ఆ క్షణంలో నా ఉద్యోగాన్ని నేను అసహ్యించుకున్నాను.

"అయ్యా..." అని ఆఫీసరు వైపు తిరిగాను.

"ఆగండి సాయిబు గారూ, మీకెందుకు, నేనే చెబుతా," అన్నారు శామ్యూలు గారు. ఆఫీసరుకి దండం పెట్టారు. "నేనిక్కడ ఓటర్ని కానండీ. పొరపాటున రాశారు. కొట్టెయ్యండి."

ఏజెంట్లిద్దరూ ఒక్కసారే లేచారు. "అదేంది మావయ్యా! మనూరోడివి కాకపోతే మరెవరోడివి?" అన్నాడు కాడెద్దులవాడు. "నిజమేనండీ, ఈయనిక్కడే పుట్టాడు. మా నాయన సాక్ష్యం!" అన్నాడు కొడవలివాడు. ఆ రోజు మొత్తం మీద వాళ్ళిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట దగ్గరే.

"పుట్టిన మాట నిజమేరా అబ్బాయిలూ," అన్నారాయన. "ఒక దేశంలో నా పౌరసత్వం తప్పుదారిన వచ్చిందని చెప్పి లాక్కున్నారు. ఆ మాట ఇంకోసారి ఎవడిచేతా అనిపించుకోను, అదీ నా ఊళ్ళో. సరైన దారిన తెచ్చుకుని వస్తా."

మరియమ్మ ఓటేసి గుమ్మం దగ్గర ఆగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఇంతసేపు ఎండలో నిలబడి ఒట్టి చేతుల్తో వస్తన్నావా అన్నయ్యా?"

"నిలబడ్డాగదా. ఇయ్యాల్టికి చాల్లే," అని ఆమె భుజం మీద చెయ్యేసి నడిపించుకుపోయారు.

మరుసటి వారం బందరు వచ్చి, నా బల్ల మీదే దరఖాస్తుకి సంతకం పెట్టారు. వేసవిలో కలెక్టరు ఆఫీసులో ప్రమాణం చేయించారు, నేనూ వెళ్ళాను. పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, దానిమీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత నా రిజిస్టరులో ఆయన పేరు కొట్టేశాను.

"ఇక మీరు రానక్కర్లేదండీ," అన్నాను.

"మరి మిమ్మల్ని ఎట్టా చూడాలి?" అన్నారు.

ఉద్యోగంలో చేరినప్పుడు, మనిషి ఎక్కడివాడో చెప్పడానికి ఊరి అభిమానం చాలదా, ఈ కాయితాలెందుకని అనుకునేవాణ్ణి. శామ్యూలు గారిని చూశాక ఆ మాట అనడం మానేశాను. నువ్వు మావాడివని ఊరు అంటుంది, అనడం మంచిదే. కానీ నువ్వు మావాడివి కావని ఎవడైనా లేచిన నాడు కాపాడేది చట్టం ఇచ్చిన హక్కే. "నువ్వు కరాచీ పోలేదేం?" అని నన్ను హాస్యానికి అడిగేవాళ్ళు అప్పట్లో ఉండేవారు. అంతకుముందు నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ తర్వాత, "నేనిక్కడి పౌరుణ్ణి కనక," అని జవాబు చెప్పడం నేర్చుకున్నాను.

1967 ఎన్నికలయ్యాక ఒక ఉదయం ఆయన కర్ర పట్టుకుని బస్సు దిగి, పనేమీ లేకపోయినా మా ఆఫీసుకి వచ్చారు. బల్ల మీద చెయ్యి పెట్టి సిరా మరక చూపించారు.

"ఎవరికేశారేంటి?" అన్నాను.

"అది అడక్కూడదు సాయిబు గారూ. అక్కడైతే అడిగినవాడికల్లా చెప్పేవాణ్ణి. ఇక్కడెట్టా చెబుతానండీ? పొద్దున లేస్తే ఇద్దరి మొహాలూ చూడాలి గదా."