ఆఖరి కడుగు వాననీళ్లతో

మా ఇంట్లో ల్యాబు అంటే పెరటి వరండాలో ఒక పాత చెక్క బల్ల, దాని మీద రెండు ట్యూబు స్టాండ్లు, పదిహేను సీసాలు. నేను కావలిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. రేపు క్లాసులో చేయించబోయే ప్రయోగం ముందురోజు ఇంట్లో ఒకసారి చేసుకోకపోతే నాకు అన్నం సయించదు. మా మామగారు ఆ బల్లకి 'సీసాల కొట్టు' అని పేరు పెట్టారు.

ఆ బల్ల దగ్గర నా నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. వంటింటి చెంచా ఒక్కసారి ఇక్కడికొస్తే మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు. నీళ్లలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. వాసన చూడాలంటే సీసాలో ముక్కు పెట్టకుండా, చేత్తో గాలిని ఇటు విసురుకోవాలి. మా ఊరు బోగోలు తేమకి కాగితం లేబుల్ నాలుగు రోజుల్లో ఊడొస్తుంది కాబట్టి, దెబ్బలకు వేసే టేపు మీద పెన్సిల్‌తో పేరు రాసి అతికించాలి. ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, ఇక్కడ ఏదీ నోట్లో పెట్టకూడదు. ఒకసారి మామయ్య ఆ బల్ల మీద పొట్లం పెట్టుకుని వేరుశనగలు తింటుంటే, పొట్లం లాక్కుని అవతల పారేశాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆయనకు నాలుగెకరాల వరి. పాత బోరు నీళ్లు ఉప్పుబారిపోతే కొత్త బోరు వేయించారు. ఆ నీళ్లు మంచివైతేనే ఆ ఏడు నారు పోసేది. వడ్లు నానబెట్టి గోనెసంచిలో మండె కట్టారు, మొలకలు కూడా వచ్చేశాయి. ఆ పొద్దున తాడుతో సన్న డబ్బా దించి తోడిన కొత్త బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు.

"తాగి చూసినా. తియ్యగానే ఉండాయి. అయినా నీ పద్ధతిలో ఒకసారి చూసి చెప్పమ్మా," అన్నారు.

నాకు కాలేజీకి టైమవుతోంది. గబగబా కుళాయి కింద ట్యూబు కడిగి, ఆ నీళ్లు కాసిని పోసి, సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేశాను. ఏ బోరు నీళ్లయినా దానికి కాస్త మసకబారతాయి. ఉప్పు ఎక్కువుంటే మాత్రం తెల్లగా అయిపోతాయి. ఇవి విరిగిన పాలలా అయ్యాయి.

"ఉప్పే మామయ్యా. నారుకు పనికిరావు," అన్నాను.

ఆయన ట్యూబు వైపు చూసి, "సరేమ్మా," అన్నారు. నేను బస్సు ఎక్కేశాను.

సాయంత్రం వచ్చి మర్నాటి ప్రయోగానికి కూర్చున్నాను. డిస్టిల్డ్ వాటర్ బదులు డ్రమ్ములో పట్టి ఉంచుకున్న వాననీళ్లు వాడటం నాకు అలవాటు. కుళాయి కింద అప్పుడే కడిగిన ట్యూబులో వాననీళ్లు పోసి అదే మందు వేశాను. తెల్లబడింది. వాననీళ్లలో అంత ఉప్పెక్కడిది? ఆ కుళాయికి వచ్చేది ఉప్పుబారిన పాత బోరు నీళ్లే. ట్యూబులో మిగిలిన తడే పొద్దున నన్ను తప్పుదారి పట్టించింది. ఆఖరున ఉప్పు లేని నీళ్లతో మరోసారి కడగాలని ప్రతి ఏడూ పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేదాన్ని నేనే. వాననీళ్లతో మూడుసార్లు కడిగి, సీసాలో మిగిలిన కొత్త బోరు నీళ్లు పోసి చూశాను. కాస్త మసకబారాయి, అంతే.

వాకిట్లోకి పరిగెత్తాను. మామయ్య మొలకల మూటని స్కూటర్ మీద పెట్టి తాడు బిగిస్తున్నారు. రేపటిదాకా ఉంచితే పాడవుతాయని, బిట్రగుంటలో తెలిసిన రైతుకి ఇచ్చేయబోతున్నారు. కొత్త బోరులో మోటారు దించే అతనికి రావద్దని మధ్యాహ్నమే ఫోన్ చేశారట.

"ఆగండి మామయ్యా. తప్పు నాదే. నీళ్లు మంచియ్యే, నేనే ట్యూబు సరిగా కడగలేదు."

కోప్పడతారనుకున్నాను. ఆయన తాడు విప్పడం మొదలుపెట్టారు.

"మంచియ్యేనని నాకు తెలుసు గదమ్మా. పొద్దున రెండు గ్లాసులు తాగినా."

"తెలిసి కూడా మూటెందుకు కట్టినారు?"

"నువ్వు చెప్పినావు గదా," అన్నారు, ముడి విప్పుతూనే.

నాకు ఏడుపొచ్చింది. తన నాలుక కన్నా నా మాటనే ఎక్కువ నమ్మిన మనిషికి, తడి ట్యూబులో చూసి జవాబు చెప్పాను. మూటకి రెండో వైపు నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లోపలికి మోశాం. మోటారతనికి ఫోన్ నేనే చేశాను.