మార్కాపురంలో కొత్త పిల్లలకు శాలువలు కప్పిన రోజు

మా చిన్న తమ్ముడు ప్రభాకర్ మార్కాపురం చుట్టుపక్కల ఊళ్ళ బస్సు వేళలు చూపే సైటు నడుపుతాడు. అందులో ఎవరికీ జీతాల్లేవు. కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా తప్పు దిద్ది పంపవచ్చు, వాడు చూసి ఒప్పుకుంటే సైటులోకి ఎక్కుతుంది. కొత్తగా నలుగురు పిల్లలు చేరుతున్నారు, స్వాగత సభ పెట్టినాము, ఇంటికి పెద్దక్కవు నువ్వే ప్రార్థన చేయాలి అన్నాడు. శాలువలు కూడా నన్నే తెమ్మన్నాడు.

గిద్దలూరులో పొద్దున రైలెక్కితే గంటన్నరలోపే మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగవచ్చు. అక్కడి నుంచి ఊళ్ళోకి షేర్ ఆటోకు ఇరవై రూపాయలిచ్చాను. సంచిలోని శాలువలు చూసి, ఎవరికి సన్మానమని ఆటో అతను అడిగాడు. కొత్తగా పనిలో చేరే పిల్లలకని చెప్పాను.

"పని చేయకముందే సన్మానమా పెద్దమ్మా? అట్లాంటి పని మాకూ చూపించు," అన్నాడు. నవ్వాను.

పదిన్నరకు అన్న సభ పన్నెండుకు మొదలైంది. నేను రెండు నిమిషాల్లో ప్రార్థన ముగించాను. ఆ తర్వాత మాట్లాడినవాళ్ళు ఒక పట్టాన ముగించలేదు. కొత్త నలుగురిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే కీర్తన కొనకనమిట్ల అవతలి ఊరి నుంచి వచ్చింది. ల్యాప్‌టాప్ ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది. భోజనాల దగ్గర నాతో మెల్లగా చెప్పింది. వాళ్ళ ఊరికి సాయంత్రం బస్సు తీసేశారు, సైటులో మాత్రం ఇంకా ఉంది. దాన్ని నమ్మి, కూలికి పోయే వాళ్ళమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి చీకటి పడేదాకా బస్టాండులో కూర్చుందట. ఆ తప్పు దిద్ది పంపి మూడు నెలలైంది. అది చూడమని అడగడానికే వచ్చింది. తమ్ముడికి చెప్పాను. ముందు ఫొటోలు కానియ్యి అక్కా అన్నాడు. నేనూ గట్టిగా అడగలేదు.

రెండున్నరకు ఆ పిల్ల సంచి సర్దుకుంది.

"అప్పుడే ఏంది పాపా? సాయంత్రం బస్సుంది కదా," అన్నాడు తమ్ముడు, ఫోనులో తన సైటు చూపిస్తూ.

"నేను పంపింది దాని గురించే అన్నా," అంది. "ఒక్కసారి తెరిచి చూసింటే తెలిసేది."

ఈ పొద్దే చూస్తాలే తల్లీ అన్నాడు. శాలువ తీసేస్తే బాగుండదనుకుందేమో, కప్పుకునే వెళ్ళిపోయింది.

వారమైంది. సైటు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటోలన్నీ పెట్టారు. ఆ పిల్ల పంపిన మార్పు అట్లాగే ఉంది. కీర్తన గ్రూపులోంచి తప్పుకుంది. ఆమె అడిగింది ఐదు నిమిషాలు. మేము రోజంతా ఇచ్చాం, ఆ ఐదు నిమిషాలు తప్ప. ఈ పిల్లల చేతి పనిని దీవించు ప్రభువా అని ఆ రోజు అడిగింది నేనే. దాన్ని చూడనిది మేమే.

కొనకనమిట్ల అవతలి ఊళ్ళకు వెళ్ళేవారు మూడు గంటల బస్సు వదులుకోకండి. మా సైటులో సాయంత్రం బస్సు కనిపిస్తుంది. అది లేదు.