ముడి వేయని దారం

ఆసుపత్రి వెనక, శవాల గదిని ఆనుకుని కుట్టు గది ఉండేది. ఒక కిటికీ, ఒక తొక్కుడు మిషను, గోడవారగా తెల్ల బట్ట తాన్లు. ఆ గదిలో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని అందరూ కుట్టక్క అనేవాళ్లు. దుప్పట్లు కుట్టడం, చిరిగిన దిండు గలీబులకు అతుకులు వెయ్యడం ఆవిడ ఉద్యోగం. నేను అక్కడే మంచాలూ స్ట్రెచర్లూ బాగుచేసేవాణ్ణి. మనుషులు నాకు వాళ్ల పనిని బట్టే గుర్తుంటారు. ఆవిడ పని ఇదీ.

దిక్కులేని శవం వస్తే చుట్టడానికి బట్ట కావాలి. పోయినవాడిది ఏ మతమో తెలీదు. మూడు రోజులు ఉంచుతారు. ఈలోగా అయినవాళ్లు రావచ్చు. వచ్చి, కుట్టు పడని బట్టే కావాలనవచ్చు. అందుకని ఆవిడ కత్తెర పెట్టేది కాదు. అంచున బ్లేడుతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపేది. పోగు వెంట గీత గీసినట్టు చిరిగేది. ఆ తర్వాత చేత్తో పొడుగు టాకాలు వేసేది, చివర ముడి వేసేది కాదు. ఎవరైనా వస్తే కొస పట్టి లాగితే చాలు, దారం మొత్తం జారి వచ్చేస్తుంది. రాకపోతే ఆ టాకాలు మట్టిదాకా ఆగుతాయి.

ఇది ఆవిడకి ఎవరూ నేర్పలేదు. శవాలకు స్నానం చేయించే తాత మాత్రం మురిసిపోయేవాడు. శుక్రవారం మసీదు తప్పని మనిషి. "ఏ దేవుడు అడిగినా జవాబు చెప్పేలా కుట్టావమ్మాయ్" అనేవాడు.

"దేవుళ్ల సంగతి నాకెందుకు తాతా. విప్పాల్సొస్తే వీళ్లని అటూ ఇటూ కుదపకూడదు. నా పనిలో సుఖం ఏంటంటే, చంకలో బిగుతైందని ఇంతవరకు ఒక్కరూ తిట్టలేదు."

అలా అన్నా, ఇంట్లో దేవుడి పటానికి రోజూ దీపం పెట్టేది. ఒక్కడే కొడుకు. సరుకు పడవలో పనికి కుదిరాడు. రెండో ఏడు ఆ పడవ మునిగింది. తొమ్మిదిమందిలో ఆరుగురు ఒడ్డుకు కొట్టుకొచ్చారు, శవాలుగా. కుర్రాడు దొరకలేదు.

నెల తర్వాత పనిలోకి వచ్చింది. దీపం మానేసింది. నేను ఆ గదిలోకి మంచం తాళ్ల కోసం వెళ్తే మిషను చప్పుడు వినిపించేది. శవాలకి చుట్టే చివరి బట్టల్ని మిషను మీద కుడుతోంది. సన్న కుట్టు, రెండు వరసలు, చివర ముడి మీద ముడి. అది చూసి కూడా నేనేమీ అనలేదు. తప్పు నాదీ ఉంది.

ఒకరోజు ఒక శవం కోసం పోయినవాడి అన్నగారు వెతుక్కుంటూ వచ్చాడు. కుట్టు లేని బట్టలో పంపాలన్నాడు. తాత కొస కోసం తడిమాడు, కొస లేదు. కత్తెర తెచ్చారు. బిగుతు కుట్టు కోస్తుంటే మొన జారి, చచ్చిన మనిషి భుజం చీరుకుంది. అన్నగారు గోడకి తిరిగి నిలబడ్డాడు.

తాత ఆ బట్ట తెచ్చి మిషను మీద పడేశాడు.

"ఏంటిది?"

"బట్ట."

"బట్ట కాదు, గోనెసంచి. కోపం దేవుడి మీదైతే గుళ్లోకి పోయి అరిచిరా. వీడేం చేశాడు నిన్ను?"

ఆవిడ తల ఎత్తలేదు. "నా కొడుక్కి ఎవరు చుట్టారు తాతా బట్ట? ఒక్కరి పేరు చెప్పు, ఈ మిషను ఇప్పుడే మూసేస్తా."

తాత ఆ బట్ట తీసుకుని శవాల గదికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత మూడు వారాలకి ఆసుపత్రికి ఒక ఉత్తరం వచ్చింది. దూరాన ఒక రేవులో, ఏడు నెలల కిందట ఒక శవం ఒడ్డుకి చేరింది. ప్యాంటు జేబు లోపలి గుడ్డ మీద మా ఆసుపత్రి దుప్పటి ముద్ర ఉందట, ఈమధ్యే ఎవరో చూసి పోల్చారట. ఆవిడ పాత దుప్పట్లు చింపి కొడుకు ప్యాంట్లకి లోపలి జేబులు కుట్టేది.

తాతా నేనూ తోడు వెళ్లాం. బస్సులో ఆరు గంటల దారి. రేవు పక్కన శ్మశానం కాపలాదారు, మెడలో శిలువ ఉన్న మనిషి, కాగితంలో మడిచిన ప్యాంటు తెచ్చి ఇచ్చాడు. ఉతికి ఉంది. ఆవిడ జేబు లోపలికి చెయ్యి పెట్టి, కుట్టు వెంట బొటనవేలు నడిపింది. చివరిదాకా వెళ్లి ఆపింది.

"నా చేతిదే."

కాపలాదారు నేల చూస్తూ అన్నాడు. "ఏ మతమో తెలీలేదమ్మా. పెట్టెకి చెక్క లేదు. మా ఆవిడ ఇంట్లో గుమ్మం తెర దించి చుట్టింది. మాకొచ్చిన ప్రార్థనే చదివాం. తప్పయితే మన్నించు."

"కుట్టారా?"

"లేదు. నాడాతో కట్టాం. వదులుగానే. రేపు తల్లో తండ్రో వస్తే విప్పుకోవాలి గదా అంది మా ఆవిడ."

కుట్టక్క అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది. అలాంటి ఏడుపు నేను ఆ శవాల గది పక్కన అన్నేళ్లు ఉండీ వినలేదు. తాత చేతులు చాచి తన ప్రార్థన చేసుకున్నాడు. కాపలాదారు తనది చేసుకున్నాడు. నేను టోపీ తీసి నిలబడ్డాను. సమాధిని తవ్వించనంది. లేవగానే, "మీ ఆవిడ ఎక్కడ?" అని అడిగి, వాళ్లింటికి వెళ్లి ఆమె చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిరుగు బస్సులో తాత మెల్లగా అడిగాడు. "ఇప్పుడైనా ఉన్నాడంటావా, పైవాడు?"

"తెర దించి చుట్టిన ఆ తల్లి ఉంది. ముందు అక్కణ్ణించి మొదలెడతా."

దీపం మళ్లీ పెట్టిందో లేదో నేను అడగలేదు. ఆవిడ బాగుపడిందనీ చెప్పను. మనిషి సగమైపోయింది, జుట్టు ఏడాదిలో నెరిసింది. కానీ మిషను మీద చివరి బట్ట మళ్లీ ఎక్కలేదు. పొడుగు టాకాలే. చివర మాత్రం ఇదివరకు వేలెడు వదిలే దారం, ఇప్పుడు జానెడు వదిలేది.

"ఇంత కొస ఎందుకమ్మాయ్, దారం దండగ" అన్నాడు తాత.

"వచ్చేవాళ్ల చేతులు వణుకుతుంటాయి తాతా. చిన్న కొస దొరకదు."