కొత్త అడుగుల చప్పుడు

ఆవిడది లాండ్రీలో ఇస్త్రీ పని. పొద్దున నిలబడితే సాయంత్రం దాకా కూర్చునే వీలుండదు. పుట్టుకతోనే పాదాలు చదును. నడిస్తే ఓ పక్కకి ఒరిగేది, కుడికాలు ఈడ్చేది. అందుకే చిన్నప్పుడు అన్న ‘బాతు’ అని పేరు పెట్టాడు. ఇంట్లో అదే స్థిరపడిపోయింది.

నలభై దాటాక మడమల్లో మేకులు దిగినట్టు నొప్పి మొదలైంది. డాక్టరు పాదాల అచ్చు తీయించి, బూట్లలో వేసుకునే గట్టి అట్టలు చేయించి ఇచ్చాడు. “ఒక్కసారే రోజంతా వద్దు. కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోండి” అన్నాడు.

మొదట్లో అరికాలి కింద గులకరాయి పెట్టుకున్నట్టే ఉండేది. పిక్కలు పట్టేసేవి. “కొరివితో తల గోక్కున్నాను” అని తోటి పనావిడతో నవ్వేది. అయినా మానలేదు. కొన్ని వారాలకి నడక నిటారైంది.

చిక్కు ఇంట్లో వచ్చింది. తల్లికి చూపు పోయి చాలా ఏళ్లయింది. మెట్ల మీద అడుగుల చప్పుడుని బట్టే మనుషుల్ని పోల్చుకునేది. ఓ సాయంత్రం కూతురు అట్టలతోనే మెట్లెక్కి లోపలికి రాగానే కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

“ఎవరది? మా అమ్మాయి ఇంకా పని నుంచి రాలేదు.”

“నేనేనే అమ్మా, బాతుని!”

“హడలగొట్టావు కదే!” అని తల్లి నవ్వింది గానీ, కుర్చీ చేతుల్ని మాత్రం వదల్లేదు.

మర్నాటి నుంచి కూతురు మెట్ల కిందే అట్టలు తీసి సంచిలో వేసుకుని, పాత నడకతో పైకి వచ్చేది. ఇంట్లో ఉన్నంతసేపూ అంతే. నొప్పి తిరగబెట్టింది. ఓ సెలవు రోజు ఆమె మూలుగు విని తల్లి నిలదీస్తే ఉన్నమాట చెప్పక తప్పలేదు.

“పిచ్చిమొహమా! నాకోసం కాళ్లు పాడుచేసుకుంటావా? వేసుకునే నడువు. నీ కొత్త చప్పుడు నేను నేర్చుకుంటాలే. గుడ్డిదాన్ని గానీ చెవిటిదాన్ని కాదుగా!”

ఆ తర్వాత రోజూ పని నుంచి రాగానే కిటికీ నుంచి గుమ్మం దాకా నడిచి చూపించేది. తల్లి తల వంచి, ఊపిరి బిగబట్టి వినేది. మెట్ల మీదే పోల్చుకున్న రోజు చంటిపిల్లలా చప్పట్లు కొట్టేది. పక్కింటావిడ వస్తే “బాతువేనా?” అని పొరబడేది.

నేర్చుకోవడం పూర్తికాలేదు. చలికాలంలో తల్లికి జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి పాకితే ఆసుపత్రిలో చేర్చారు. అక్కణ్ణుంచి కబురొస్తే కూతురు పని మధ్యలో వదిలి పరుగున వచ్చింది. తల్లి కళ్లు మూసుకునే అడిగింది. “ఎవరమ్మా? నర్సమ్మవా?”

కూతురు మంచం పక్కన కూర్చుంది. చెయ్యి అందించింది. తల్లి ఆ చేతిమీది ఇస్త్రీ కాలిన మచ్చల్ని తడిమింది. “నువ్వటే! ఎంత బాగా నడిచొచ్చావే” అంది. మర్నాడు పోయింది.

కొన్నాళ్లకి లాండ్రీ యజమాని, “ఈ మధ్య మడమలు నొక్కుకుంటూ కనబడటం లేదే. నొప్పి తగ్గిందా?” అని అడిగాడు.

అప్పటిదాకా ఆ సంగతి ఆమే గమనించుకోలేదు.

“తగ్గిందండీ” అంది. తన అడుగుల చప్పుడు తనే వింటూ ఆరేసిన దుప్పట్ల వెనక్కి వెళ్లి, ఓ తడి అంచు మొహానికి అదుముకుంది.