కమాను మీద పసుపు

ఈ దసరాకు పాల్వంచలో మా తమ్ముడి ఇంటి ముందు నా కారు కడిగి నిలబెడితే, వాడు పసుపులో నువ్వుల నూనె కలిపిన గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే చెయ్యి ఆగిపోయింది. పసుపూ నూనే కలిసిన వాసనకు అందరికీ పండగ గుర్తుకొస్తుంది. నాకు మాత్రం ఇన్నేళ్లయినా ఒక భయమే గుర్తుకొస్తుంది.

మా ఊరు పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి చిక్కబడే చోట ఉంది. నాయనకు కిరాయికి తిప్పే పాత తెల్లకారు ఉండేది. ఎండాకాలంలో తునికాకు కట్టలు, వానలు వెనకపట్టాక సీతాఫలాల గంపలు, పెళ్లిళ్ల రోజుల్లో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని కేకలేసే చుట్టాలు, జ్వరంతో వణికే పిల్లలు, దవాఖానాకు పోతూ కూడా కోడిని వదిలిపెట్టని ముసలమ్మలు, అన్నిటినీ అందరినీ అది ఎర్రమట్టి దారుల్లో మోసేది. డిక్కీ తెరిస్తే కళ్లు మూసుకుని కూడా ఏ కాలమో చెప్పగలిగేవాళ్లం. ఇప్పపూల మత్తు వాసన కొడితే ఇక బడికి సెలవులే.

కారు వెనక బరువంతా చక్రాల దగ్గర, ఒకదాని కింద ఒకటి పేర్చి వంచిన ఉక్కు పట్టీల మీద ఉండేది. మెకానిక్కులు వాటిని కమాన్లు అంటారు. మా నాయనమ్మ నడుం అనేది. "మోసేది నడుమైతే బానెట్టుకు బొట్టు పెడ్తరేందిరా" అని అందరినీ గదమాయించి, బాలింత నడుముకు రాసినట్టు ఆ పట్టీలకు నూనె కలిపిన పసుపు దట్టంగా పట్టించేది. ప్రతి దసరాకూ, ప్రతి దూరప్రయాణానికీ ఇదే తంతు. పసుపు మీద ఎర్రదుమ్ము, దుమ్ము మీద మళ్లీ పసుపు. చివరికి ఉక్కు ఏ రంగులో ఉంటుందో మాకెవరికీ తెలియకుండా పోయింది.

ఆ ఏడు బతుకమ్మ నాటి నువ్వుల ముద్దలు డబ్బాలో ఇంకా అయిపోకముందే, కారు వెనకనుంచి కిర్రు కిర్రుమని చప్పుడు మొదలైంది. మెకానిక్ యాకూబ్ గొప్పలకు తక్కువలేని మనిషి, టీ తాగుతూ కూర్చున్న చోటినుంచే రోగం చెప్పేవాడు. "షాకులు పోయినయన్నా. కొత్తవి ఏస్తే గుర్రం లెక్క ఉరుకుతది" అని, కుదుపును ఆపే ఆ గొట్టాలు రెండూ మార్చాడు. ఊగడం తగ్గింది కానీ కిర్రు తగ్గలేదు. కారు ఎడమవైపుకు ఒరుగుతోందని నాయన లావుపాటి వాళ్లను కుడివైపు కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. మా బాబాయి ఎడమవైపు ఎక్కబోతే రెక్క పట్టుకుని ఇటు తిప్పేవాడు. బాబాయికి రోషం వచ్చి దారి పొడవునా మాట్లాడేవాడు కాదు.

బాబాయి భార్య, మా చిన్నమ్మ, అప్పుడు నిండు నెలల మనిషి. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకని ఆమె గడప దాటినా ఇంటిల్లిపాదీ లేచి నిలబడేది. భద్రాచలం దవాఖానాలో చూపించి తెస్తే, డాక్టరమ్మ ఎల్లుండి పొద్దునే వచ్చి చేరమంది.

మర్నాడు దాగుడుమూతలాడుతూ నేను ఎప్పటిలాగే కారు వెనకనుంచి కిందికి దూరబోయాను. పట్టలేదు. వీపు ఇనుముకు గీరుకుంది. ఏడవాల్సింది పోయి సంబరంగా ఇంట్లోకి పరుగెత్తాను.

"నాయనా, నేను పెద్దగైన! కారు కింద పడ్తలేను!"

నాయనమ్మ దిష్టి తీయడానికి లేచింది. నాయన నవ్వుతూ నన్ను తలుపు చెక్కకు ఆనించి నిలబెట్టాడు. ఎండాకాలంలో బొగ్గుతో గీసిన గీతకూ నా నెత్తికీ మధ్య బియ్యపుగింజంత తేడా కూడా లేదు. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. బయటికి పోయి కారు వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇది పెరుగలే. కారు కుంగింది."

యాకూబ్ వచ్చి జాకీ పెట్టి, దుంగలు ఆనించి, ఎడమ చక్రం విప్పాడు. "కమానుకు గోడ కట్టిండ్రేందన్నా?" అని నవ్వుతూ స్క్రూడ్రైవర్‌తో గీకాడు. పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలింది. అన్నిటికంటే పైనున్న పెద్ద పట్టీ, బోల్టు దూరే చెవి పక్కన, అడ్డంగా పగిలి ఉంది. పగులు లోపల తుప్పు పట్టింది. చిటికెన వేలంత ఉక్కు మాత్రమే అంటిపెట్టుకుని ఉంది.

"నిన్న వాగుకాడి దిగుడు దిగింది దీంట్లనేనా అన్నా?" యాకూబ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి అడిగాడు.

"అవ్. మరదల్ని చూపిచ్చుకొచ్చినం."

"ఇంకో గుంత తగిల్తే ఇరుసే గుంజుకపోతుండె."

నాయన మట్టిలో కూలబడ్డాడు. నాయనమ్మ రాలిన పసుపు పెచ్చు ఒకటి అరచేతిలో పెట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయింది.

"కాపాడుతదని రాసిన గదరా. నేనే కప్పిన్నా?"

"నువ్వేం జేస్తవమ్మా," అన్నాడు యాకూబ్ తల దించుకుని. "షాకులు మార్చిననాడు ఇది నా కండ్ల ముందటనే ఉండె. పూజ జేసినదని చెయ్యి పెట్టలే."

నాయన బస్సెక్కి పాల్వంచ పోయి రెండు వైపులకూ పట్టీలు తెచ్చాడు. ఒక్కవైపే మారిస్తే కారు మళ్లీ ఒరుగుతుందట. పొద్దుగూకేలోపు యాకూబ్ గొప్పలు ఒక్కటీ చెప్పకుండా బిగించి, కారు దించి, నన్ను పిలిచి కిందికి దూరమన్నాడు. దూరాను. వీపు ఎక్కడా తగల్లేదు. నేను పెద్దదాన్ని కాలేదన్న బాధ కూడా ఆ రోజు నాకు రాలేదు.

"చిన్నకోడలికి ఈ ముచ్చట జెప్తే నా మీద ఒట్టే" అంది నాయనమ్మ. తెల్లవారి చిన్నమ్మ పక్కన కూర్చుని తానే భద్రాచలం తీసుకెళ్లింది. మూడోనాడు ఈ తమ్ముడే పుట్టాడు. ఆ తర్వాత దసరాలకు నాయనమ్మ బయటికొచ్చి నిలబడేది కానీ కారును ముట్టుకోలేదు.

ఇప్పుడు ఆ కారు లేదు, నాయనమ్మ లేదు. ఎర్రమట్టి దారులు తారురోడ్లయ్యాయి. కారుకు నడుముంటుందనే మాట మా ఇంట్లో పిల్లలకు తెలియదు. నేను పసుపు గిన్నె పక్కన పెట్టి, కొత్తచీర మట్టి కావడం కూడా చూసుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని, కారు వెనక కిందికి వంగాను.

"అక్కా, ఏం జూస్తున్నవ్? దీనికి కమాన్లే లేవు" అని తమ్ముడు నవ్వాడు. ఆనాటి ముచ్చట వాడికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఏం లేదురా," అన్నాను. "నడుం మంచిగుందో లేదో చూస్తున్న."