ఆగ్నేయ మూలకు జరిగిన ప్రింటర్

2023 కార్తీక మాసం. ఇస్నాపూర్ దాటి లోపలి రోడ్డులో వెళ్తే, ఒక పైపుల షెడ్డు పక్కన ఆక్సిజన్ ప్లాంటు ఉంది. ట్యాంకర్లలో వచ్చే ఆక్సిజన్‌ను సిలిండర్లలో నింపి చుట్టుపక్కల ఆసుపత్రులకు పంపుతారు. ఆ ప్లాంటుకు మేము ఈఆర్‌పీ పెడుతున్నాం. ఈఆర్‌పీ అంటే కొనుగోలు, సరుకు, బిల్లు, గేటు అన్నిటినీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్. దాన్ని ఫ్యాక్టరీల్లో అమర్చి, అక్కడి మనుషులకు అలవాటు చేసి రావడం నా ఉద్యోగం. మా ఇల్లు బీరంగూడలో. స్కూటీ మీద పటాన్‌చెరు చుట్టూ నేను తిరగని షెడ్డు లేదనే చెప్పాలి.

ఈ పనిలో సగం సాఫ్ట్‌వేర్ అయితే సగం ప్రింటర్లు. సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే నెల తర్వాతైనా సర్దుకోవచ్చు. ప్రింటర్ కాగితం బయటికి తియ్యకపోతే మాత్రం అప్పటికప్పుడే మా ఏడు తరాలనూ తలుచుకుంటారు.

ఆ ప్లాంటులో గేటు దగ్గర ఒక కఠినమైన నియమం ఉండేది. అంతకు ముందు ఎవరో చేతిరాత చిట్టీతో నిండు సిలిండర్లు బయటికి దాటించారట. ఆ రోజు గేటు తీసిన సెక్యూరిటీ మనిషి ఉద్యోగం పోయింది. అందుకే ఓనర్ మమ్మల్ని పిలిచి, సాఫ్ట్‌వేర్ నుంచి ప్రింట్ అయిన గేటు పాస్ లేకుండా బండి కదలకూడదని, ఒక బండికి ఒరిజినల్ ఒక్కసారే రావాలని అడిగాడు. రెండోసారి ప్రింట్ నొక్కితే కాగితం మీద అడ్డంగా ‘డూప్లికేట్’ అని పడుతుంది. డూప్లికేట్ చూసి గేటు తీసినా ఉద్యోగం పోతుంది. ఇలాంటి నియమాలు మేము చాలాచోట్ల పెట్టాం కాబట్టి నాకు అందులో వింతేమీ కనిపించలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టే రోజుకి ఓనర్ ముహూర్తం పెట్టించాడు. నేను చేరేసరికి గేటు గదిలో ప్రింటర్ పసుపు, కుంకుమ, బంతిపూల దండతో పెళ్లికూతురిలా ఉంది. ముందు దీపం వెలుగుతోంది. ఓనర్ కొబ్బరికాయ కొట్టి, అందరికీ ముక్కలు పంచి, ఇంటివాళ్ళతో గుట్ట మీది గుడికి బయల్దేరాడు. దీపం కొండెక్కేదాకా ప్రింటర్ని కదపొద్దని సెక్యూరిటీ యాదయ్యకు చెప్పి మరీ వెళ్ళాడు.

యాదయ్యది ఆ పక్క ఊరే. ఒకప్పుడు సేద్యం చేసేవాడు, తర్వాత ఈ గేటు దగ్గర చేరాడు. ఉద్యోగం పోయిన పాత సెక్యూరిటీ మనిషి యాదయ్యకు సడ్డకుడని, అంటే తోడల్లుడని అప్పటికి నాకు తెలియదు.

మొదటి బండి సంగారెడ్డి వైపు ఒక చిన్న ఆసుపత్రిది. ముందు రోజు రావలసిన వేరే సరఫరా ఏదో ఆగిపోయి, వాళ్ళు పొద్దున్నే ఇక్కడికి ఫోన్ చేశారు. సిలిండర్లు డీసీఎం వ్యానులోకి ఎక్కించారు. డిస్పాచ్, అంటే సరుకు బయటికి పంపే పని చూసే గ్రేస్ మేడమ్ ఆఫీసులో కూర్చుని గేటు పాస్ ప్రింట్ నొక్కింది. సంగారెడ్డిలో టీచర్ల ఇంట పుట్టిన మనిషి ఆమె. ఆదివారం చర్చి నుంచి వస్తూ కూడా ప్లాంటుకు ఫోన్ చేసి ఏ ఆసుపత్రికి ఎన్ని వెళ్ళాయో కనుక్కునే రకం. స్క్రీన్ మీద ‘ప్రింట్ అయింది’ అని వచ్చింది. గేటు దగ్గర కాగితం రాలేదు.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అయిందనే వచ్చింది. కంగారులో ఇంకా రెండు మూడుసార్లు నొక్కేసింది. నేను గేటు గదికి పరుగెత్తాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సాఫ్ట్‌వేర్ ‘ప్రింట్ అయింది’ అంటే కాగితం వచ్చిందని కాదు. పనిని క్యూలో పెట్టి నా వంతు అయిపోయిందని చేతులు దులుపుకుందని అర్థం. క్యూ అంటే ప్రింటర్ కోసం సర్వర్‌లో నిలబడే వరస. లాప్‌టాప్ తెరిచి చూస్తే ఆ వరసలో అన్నిటికన్నా ముందు ఒరిజినల్ ఉంది, దాని వెనక డూప్లికేట్లు. మా సీనియర్‌కి ఫోన్ చేస్తే క్యూ మొత్తం క్లియర్ చేసి మళ్ళీ పంపమన్నాడు. ఎక్కడైనా మేము ముందు చేసేది అదే. ఇక్కడ అది చేస్తే ఒరిజినల్ పోయి ఇక అన్నీ డూప్లికేట్లే వస్తాయి. నా వేలు ఆ బటన్ మీదే ఉంది. నొక్కలేదు.

ఇంతలో గ్రేస్ మేడమ్ సెల్ పట్టుకుని వచ్చింది. ఆసుపత్రి నర్సు ఫోన్ చేసిందట. వార్డులో ఆక్సిజన్ మీద ఒక పెద్దాయన, ఇద్దరు పసిపిల్లలు ఉన్నారు. ఉన్న సిలిండర్లు అడుగుకు వచ్చాయి. బండి బయల్దేరిందా అని అడుగుతోంది.

గ్రేస్ మేడమ్ చేత్తో ఒక చిట్టీ రాసి, సంతకం పెట్టి, యాదయ్య ముందు పెట్టింది. ఆయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

“మేడమ్, గిసోంటి చిట్టీ మీదనే మా సడ్డకుని నౌకరి పోయింది. గీ గేటు కాడనే. మీరు సార్‌తోటి ఒక్క మాట చెప్పించుండ్రి, ఇప్పుడే తీస్త.”

సార్ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. గుడిలోకి వెళ్తూ కారులో వదిలేసి ఉంటాడు. డీసీఎం డ్రైవర్ సలీం ఇంజన్ ఆపి దిగి, గేటు చువ్వలు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. నాకు యాదయ్య మీద ఒళ్ళు మండింది. మనుషుల ప్రాణాల కంటే కాగితం ఎక్కువా అని మనసులో తిట్టుకున్నాను. ఆ కాగితాన్ని ఆయన నెత్తిన పెట్టింది మేమేనన్న ఆలోచన ఆ నిమిషాన నాకు రాలేదు.

ప్రింటర్ దగ్గర వైరు గుచ్చే ఉంది, లైటు పచ్చగా వెలుగుతోంది. బటన్ నొక్కితే టెస్ట్ పేజీ కూడా చక్కగా వచ్చింది. అంటే మిషన్ బాగానే ఉంది, నెట్‌వర్క్‌లో మాత్రం కనపడటం లేదు. ప్రతి ప్రింటర్‌కీ ఐపీ అడ్రస్ అని ఒక ఇంటి నంబర్ లాంటిది ఉంటుంది. సర్వర్ ఆ నంబర్‌కి పిలుస్తుంటే ఇక్కడ పలికేవాళ్ళు లేరు. దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని యాదయ్యను అడిగాను. ఎవరూ ముట్టలేదని, పూజ చేశారు గానీ ఇంకేమీ చేయలేదని ఒట్టు పెట్టుకున్నంత గట్టిగా చెప్పాడు. గ్రేస్ మేడమ్ కూడా అదే మాట అంది.

వైరింగ్ చూద్దామని గోడ వెంబడి కళ్ళు తిప్పాను. ప్రింటర్‌ని మొదట అమర్చింది మా నెట్‌వర్క్ మనిషి. నా పరీక్షలన్నీ నేను ఆఫీసు నుంచే చేశాను కాబట్టి ఆ గదిలో ఏది ఎక్కడ ఉండాలో నాకు తెలియదు. అవతలి మూల కిటికీ కింద గోడకు ఒక సాకెట్ ఉంది. దాని మీద ‘గేటు ప్రింటర్’ అని మావాడు అంటించిన స్టిక్కర్. సాకెట్ ఖాళీ.

“యాదయ్యన్నా, ఇక్కడ ఏముండె?” అని అడిగాను.

“గా ప్రింటరే ఉండె. నిన్న వాస్తు సారొచ్చి కరెంటు మిషన్ ఈశాన్యంల ఉండొద్దు, ఆగ్నేయంల పెట్టుండ్రి అన్నడు. ఎలక్ట్రీషియన్ జరిపిండు.”

“మరి ఎవరూ ముట్టలేదంటివి?”

“అది ముట్టుడా మేడమ్? వాస్తుకు జరిపిన్రు గంతే.”

ఇంకో రోజైతే నవ్వేదాన్నే. ఆగ్నేయ మూల ఉన్న సాకెట్ సీసీ కెమెరాల లైను. కెమెరాల నెట్‌వర్క్ వేరు, ఆఫీసు నెట్‌వర్క్ వేరు. ఎలక్ట్రీషియన్ గేటు కెమెరా వైరు పీకేసి, ఆ చోట ప్రింటర్ వైరు గుచ్చి, పని అయిందనుకుని వెళ్ళిపోయాడు. ప్రింటర్ వేరే వీధిలో నిలబడి ఉంటే సర్వర్ పాత వీధిలో తలుపు కొడుతోంది.

ప్రింటర్ని తిరిగి కిటికీ కిందికి తెద్దామంటే దీపం ఇంకా వెలుగుతోంది. యాదయ్య ఆ దీపం వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. వాదనకు టైం లేదు. పొడుగు వైరు ఒకటి దొరికితే ప్రింటర్ని కదపకుండానే పాత సాకెట్‌కి కలపొచ్చు. నా మాట పూర్తి కాకముందే గ్రేస్ మేడమ్ అకౌంట్స్ గదికి పరుగెత్తి, నడుస్తున్న కంప్యూటర్ వైరు పీకి, చుట్ట చుట్టి తెచ్చింది. లోపల అకౌంటెంట్ అరుస్తున్న అరుపులు గేటు దాకా వినిపించాయి. ఆమె సెల్ బల్ల మీద పడేసి, అటు వైర్లు ఎవరూ కదపకుండా సర్వర్ దగ్గర ఒకరిని నిలబెడతానని మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

నేను బల్ల కింద దూరి సాకెట్‌లో వైరు గుచ్చుతున్నాను. అప్పుడే ఆ సెల్ మోగింది. నర్సే అయి ఉంటుంది. నా రెండు చేతులూ ఖాళీ లేవు.

“యాదయ్యన్నా, ఎత్తు. స్పీకర్ పెట్టు.”

అప్పటిదాకా ఆయన ఆ ఫోన్లో మాట్లాడలేదు. ఇంకొకరు మాట్లాడుతుంటే వింటూ నిలబడ్డాడు అంతే. ఇప్పుడు నర్సు గొంతు నేరుగా ఆయన చేతిలోనే వినిపించింది. కేకలు లేవు, కోపం లేదు. ఆఖరి సిలిండర్ తగిలించాను, బండి బయల్దేరిందా అన్నా, అని అడిగింది.

ఆయన గేటు వైపు చూశాడు. బల్ల కింద నుంచి ఆయన మొహం నాకు కనిపిస్తోంది.

“బయల్దేరింది బిడ్డా,” అన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి, జేబులోంచి తాళం తీసుకుని నడిచాడు. గొలుసు విప్పిన చప్పుడు, ఇనుప గేటు జరిగిన చప్పుడు, సలీం ఇంజన్ స్టార్ట్ చేసిన చప్పుడు వరసగా వినిపించాయి. నేను లేచి లాప్‌టాప్‌లో, క్యూలో ఆగిపోయిన ఒరిజినల్‌ని కదిలించేసరికి డీసీఎం పైపుల షెడ్డు మలుపు తిరిగిపోయింది. ఆ తర్వాత ప్రింటర్ గరగరమంది. కాగితం వచ్చింది. అడ్డంగా ఏమీ లేని శుభ్రమైన ఒరిజినల్. వెనక వచ్చిన డూప్లికేట్లను నేనే చించేశాను.

కొంతసేపటికి నర్సు ఫోన్ చేసి సిలిండర్లు అందాయని, అందరూ బాగున్నారని చెప్పింది. గ్రేస్ మేడమ్ అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. తర్వాత యాదయ్యతో మెల్లగా, కాగితం చేతికి వచ్చింది కదా, గేటు కెమెరా ఎట్లాగూ నడవలేదు, ముందు తీశావో వెనక తీశావో ఎవరికీ తెలియదు, సార్‌కి ఏమీ చెప్పకు అంది. నేనూ తల ఊపాను. ఆ క్షణంలో ఆయన ఉద్యోగం ఉండటమే నాకు ముఖ్యం అనిపించింది.

సాయంత్రం ఓనర్ ప్రసాదం పట్టుకుని వచ్చాడు. మేము ప్రింటర్ సంగతి చెబుతుంటే యాదయ్య మధ్యలో అడ్డొచ్చాడు. కాగితం రాకముందే గేటు తీశానని తనే చెప్పేశాడు. ఓనర్ మొహం ఎర్రబడింది. ఎవరు తియ్యమన్నారని అడిగాడు. నేనే అని గ్రేస్ మేడమ్ ముందుకు వచ్చింది.

“మేడమ్ చెప్పలే సార్. నేనే తీసిన. గా బిడ్డకు బయల్దేరింది అని చెప్పిన. చెప్పినంక తియ్యకుంటె ఎట్ల?”

ఓనర్ ప్రసాదం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆయనే నాకు ఫోన్ చేశాడు. ప్రింటర్ పని చేయనప్పుడు గేటు తీయడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక దారి పెట్టమన్నాడు. అత్యవసరం అని నొక్కి, కారణం రాస్తే బండి వెళ్ళొచ్చు. ఆ అధికారం ఎవరి పేరు మీద పెట్టాలని అడిగాను. తన పేరే చెబుతాడనుకున్నాను, కాకపోతే గ్రేస్ మేడమ్ పేరు.

“యాదయ్యది పెట్టు. గేటు కాడ ఉండేది ఆయనే గద,” అన్నాడు.

పెట్టడానికి నేను హుషారుగా వెళ్ళాను. ఆయన సంతోషిస్తాడని దారంతా అనుకుంటూ వెళ్ళాను. తన పేరు స్క్రీన్ మీద చూపిస్తే ఆయన వంగి దాన్ని చదువుకున్నాడు.

“ఇన్ని దినాలు గేటు తీస్తే ఏమైతదో అని ఒక్కటే భయముండె మేడమ్. ఇగ తియ్యకుంటె ఏమైతదో అని గూడ భయమే.”

ఆ తర్వాత ఏ ఫ్యాక్టరీలోనైనా కాగితం లేకపోతే బండి కదలదన్న నియమం రాయమంటే, ప్రింటర్ ఆగినప్పుడు గేటు తీసేది ఎవరో పేరు చెప్పమని ముందే అడుగుతాను. పేరు చెప్పినా నేను అంతటితో వదలను. ఆ మనిషిని పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆయన ఒప్పుకున్నాకే ఆ పేరు టైపు చేస్తాను.